మన తొలి యుపదేశులు



మన మహాసభవారు ప్రకటించు నిట్టి సంచికలలో విద్యాదాతలను గూర్చియు, విరాళము లొసఁగిన పోషకులను గూర్చియు వ్యాసములు వెలువడుచుండుట యందఱకును సంతోషకారణమే. వారి చిత్రపటములు ముద్రింపఁబడుట న్యాయమే. కాని చిత్రపటము లేని పెద్దలు కొందఱు మనకుఁ గలరు. వారు మన పల్లెలలోఁ జింతచెట్ల క్రిందఁ గూర్చుండి, పచ్చితోలు వాసన నడుమ, మన తాతలకు నక్షరములు దిద్దించిరి. రోగుల మంచములయొద్ద రాత్రులు మేలుకొనిరి. ఎవరును ముట్టని పీనుఁగులను దామే మోసి పూడ్చిరి. జీతమను మాట యెఱుఁగక జొన్నలును రాగులును బుచ్చుకొని కాలము గడపిరి. వారిని మనవా రుపదేశులని పిలిచిరి. ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలలోఁ గ్రైస్తవమతమును నెలకొల్పినవారు నిజమునకు వారే యని నా దృఢాభిప్రాయము.

నేను వారి శిష్యపరంపరలోనివాఁడను. వారిలో నొకనికి మనుమఁడను. మహాసభలోని యితర మతస్థులగు సోదరులు దీనిని మతప్రచారముగాఁ దలంపవలదని ప్రార్థించుచున్నాను. ఇది యప్పుపత్రము వంటిది. తీర్చు శక్తి లేనివాఁడు అప్పున్నదని యొప్పుకొనుటయైనఁ జేయవలయును గదా!

ఒంగోలు మిషను కథను జెప్పువారు సాధారణముగా దొరలతో నారంభింతురు. ఆ కథయు నసత్యము గాదు. సామ్యూలు డే దొర 1840లో నెల్లూర నిలిచి యమెరికను బాప్తిస్టు మిషను పనికిఁ బునాది వేసెను. తరువాత వచ్చిన లైమను జూవెట్టు దొర 1854 జనవరి 1వ తేదిని వేకువజామున భార్యతోను, మఱి ముగ్గురు తెలుఁగు విశ్వాసులతోను ఒంగోలు చెంతఁగల కొండ యెక్కి, యీ సీమకొక బోధకుని బంపుమని దేవుని వేఁడుకొనెను. ఆ మువ్వురిలో నెల్లూరి జూలియా యొకతె. ఆ కొండను నేఁటికిని బ్రార్థన కొండ యందురు. పండ్రెండేండ్లు గడచినపిదప, 1866 సెప్టెంబరులో, జాను క్లౌ దొర కుటుంబముతో నొంగోలు ప్రవేశించెను. ఇంతవఱకు దొరల కథ. కాని క్లౌ దొర యొంగోలఁ గాపురము పెట్టకమునుపే యా సీమలో నొక మాదిగ భక్తుఁడు బోధకునికై యెదురుచూచుచుండెను. మన కథ యతనితో మొదలిడుట యుచితము.

అతఁడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య. ఒంగోలునకుఁ బడమట నలువది మైళ్ల దూరముననున్న తలకొండపాడు అతని యూరు. తోళ్ల వర్తకము వృత్తి. బడిలోఁ జదివినవాఁడు గాఁడు. అయినను జ్ఞానమనఁగాఁ జెవి కోసికొనువాఁడు. ఆ కాలమున మన పల్లెలకు రాజయోగమును బోధించు గురువులు వచ్చి పోవుచుండిరి. బండికట్ల వీరమ్మ యను నొక స్త్రీ గురువు నాశ్రయించి పేరయ్య యోగాభ్యాసము చేసెను. ప్రాణాయామమును సాధించెను. దేవుఁ డొక్కఁడే యనియు, ఆయన నంతరంగమున వెదకవలయుననియు నామెవలన గ్రహించెను. క్రమముగాఁ దానే శిష్యులకు బోధించు గురువయ్యెను.

ఈ సంగతి కల్పన గాదు. క్లౌ దొరగారి ద్వితీయపత్నియగు ఎమ్మా రౌషెన్‌బుష్ దొరసానిగారు, చెప్పులు కుట్టుచుండఁగా నను నర్థ మిచ్చు పేరుతో, 1899లో నాంగ్లమునఁ బ్రకటించిన గ్రంథమందు వీరమ్మ వృత్తాంతమును బేరయ్య వృత్తాంతమును వ్రాసియున్నారు. మాదిగపల్లెల నోటి కథలను, మాతంగి మొదలగు దేవతలనుగూర్చిన యైతిహ్యములను మన పెద్దలనుండి విని వ్రాసిన తొలి గ్రంథములలో నది యొకటి. మన కులచరిత్రను వ్రాయఁదలఁచువారు దానిని విడువరాదు. అది దొరసాని వ్రాఁత కాఁబట్టి కొన్నిచోట్ల మనకు నచ్చని మాటలుండును. ఆ లోపమునకై గ్రంథమునే పాఱవేయుట తవుడుతోఁ గూడ బియ్యమును జెఱుగుటయే యగును.

మన సంఘకాపరులలోఁ గొందఱు వీరమ్మ పేరు చెప్పుటకు సంకోచింతురు. యోగవిద్య క్రైస్తవమునకు విరుద్ధమను భయము కాఁబోలు. నేను దానికి సమ్మతింపను. దున్నినవారిని మఱచి విత్తినవారినే పొగడుట కాఁపుదనము గాదు. పేరయ్య మాటను బల్లెలు వినుటకుఁ గారణము దొర వెనుకనుండుట గాదు; అతఁ డంతకుమునుపే గురువై యుండుట. మాదిగవానికి జ్ఞానము చెప్పఁదగినవాఁడు మాదిగవాఁడే కావచ్చునను నమ్మికను, స్త్రీయైనను గురుపీఠమునఁ గూర్చుండవచ్చునను నమ్మికను వీరమ్మ కాలమే మన పల్లెలకు నిచ్చియున్నది.

పేరయ్య తోళ్ల బేరమునకై యుత్తరదిశకుఁ బోయి, యేలూరఁ జర్చి మిషను పాదిరియగు అలెగ్జాండరు దొర బోధ వినెను. తాను వెదకుచున్నది దొరకినదని యతనికిఁ దోఁచెను. అతఁ డింటికి మరలి యూరకుండలేదు. విన్నది విన్నట్లు తనవారికిఁ జెప్ప మొదలిడెను. 1866 మార్చిలో నతఁడును భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. మఱుసటి యేఁడు జనవరి 1వ తేదిని ఒంగోలు సంఘ మెనమండుగురు సభ్యులతో నేర్పడెను. ఆ నెలలోనే పేరయ్య పిలుపున క్లౌ దొర తలకొండపాటికిఁ బోఁగా, చుట్టుపట్ల పల్లెలనుండి కొన్ని దినముల తిండిని మూటఁ గట్టుకొని ముప్పదిమందికిఁ బైగా వచ్చి కూడియుండిరి. అయిదు దినములు బోధ జరిగెను. ఇరువదియెనమండుగురు బాప్తిస్మము పొందిరి. ఆ చెట్ల నీడను గూర్చుండినవారికిఁ బ్రశ్నలు వేసి పరీక్షించినవాఁడు దొరయే కావచ్చును. వారిని సమాధానములకు సిద్ధపఱచినవారు మాత్రము పేరయ్యయు నాగమ్మయు.

ఇచ్చట నొక సంకటము పుట్టెను. ఒంగోలఁ గొందఱు పైకులములవారు క్లౌ దొర బోధయం దాసక్తి చూపుచుండిరి. మాదిగవారిని జేర్చుకొన్నయెడలఁ దాము రామని వారు నిష్కర్షగాఁ జెప్పిరి. బ్రాహ్మణబాలురు దొర బడిని విడిచిపోయిరి. దొర తన గదిలోను, ఆయన మొదటి పత్ని హారియెట్టు దొరసాని తన గదిలోను, ఒకరి తలంపు మఱియొకరికిఁ దెలియకయే వేదపుస్తకమును దెఱవఁగా, నిద్దఱికిని గొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి యధ్యాయమే కంటఁబడెనఁట. లోకము హీనులని త్రోసివేసినవారినే దేవుఁ డేర్పఱచుకొనుటను గూర్చిన భాగమది. వా రంతటితో నిశ్చయము చేసికొనిరి. ఈ కథను జిన్నతనమున వినునపుడు నాకు దొరగారిపై నెంత భక్తి కలిగెనో, పెద్దవాఁడనైనపిదప నంత యాలోచనయుఁ గలిగినది. ఆ దినమున దొర వేఱు పుట తెఱచియున్నచో నేమయ్యెడిది? పేరయ్య మాత్రము వెనుకకుఁ బోయెడివాఁడు గాఁడని నా నమ్మకము. అతని నిశ్చయము పుస్తకము తెఱవకమునుపే జరిగిపోయినది.

క్రైస్తవులైనవారికి మూఁడు కట్టడు లేర్పడెను. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను గొలువరాదు. చదువుటకు మూఁడు వాక్యములే. ఊరి బ్రదుకులో నవి మూఁడు గొడ్డలిపెట్లు. ఊరి జాతరకు డప్పు కొట్టుట, చచ్చిన గొడ్డు నీడ్చుట, పిలిచినపుడెల్ల వెట్టికిఁ బోవుట మాదిగవాని విధులు. అతఁ డాదివారము రానన్నచోఁ గాఁపు పొలము నిలిచిపోవును. డప్పు కొట్టనన్నచో నమ్మవారి కొలుపు నిలిచిపోవును. కరణములకును మునసబులకును గోపము వచ్చుటలో వింత యేమి? నీరు తెచ్చుకొను చోట్ల నడ్డగించిరి, పనులు మాన్పించిరి, కల్లనేరములు మోపి కొట్టించిరి. ఈ దెబ్బలు తినినవారు బంగళాలోని దొరలు గారు. పల్లెలో నుపదేశియు, అతని మాట వినినవారును.

డప్పును గూర్చి యొక్క మాట చెప్పి ముందునకుఁ బోయెదను. మా తాతగారు డప్పుధ్వని వినఁబడినచోఁ దలుపు మూయించువారు. నేఁడు మన బిడ్డలు డప్పును సగౌరవముగా మెడను వేసికొని సభలలో వాయించుచున్నారు, నాకు సంతోషమే. ఉపదేశులు మన వాద్యమును మనకు దూరము చేసిరని నిందించు యువకులున్నారు. ఆ నింద కొంతవఱకు నిజము. కాని వెట్టికి వాయించిన డప్పు వేఱు, మనసునకు వాయించు డప్పు వేఱు. మొదటిదానిని మాన్పినవారు లేకున్న రెండవదానికిఁ దావెక్కడిది?

పని పెరిగినకొలఁది క్లౌ దొర చేసిన యేర్పాటు మన పల్లెల పద్ధతిపైననే నిలిచినది. మూఁడు నెలల కొకపర్యాయ ముపదేశు లందఱు నొంగోలు చేరి, చేసిన పనిని జెప్పుకొని, క్రొత్త పాఠములు నేర్చుకొని, మరలఁ దమతమ గ్రామములకుఁ బోవుదురు. పూర్వము గురువునకు దక్షిణ యిచ్చిన పల్లెయే యుపదేశికిఁ దిండి పెట్టవలయును. ఉపదేశి వెంట మూట మోయుచు, దారిలో వినుచు నేర్చుకొనుచు, పిదపఁ దామును బోధించు సహాయకులు కొందఱుండిరి. వారికి మనవారు వేళాకోళముగానో ముద్దుగానో ‘వెట్టివా’రని పేరు పెట్టిరి. సర్కారువారి మూటలను నిర్బంధమున మోసిన జాతి, ఆ పేరునే తీసికొని, తన యిష్టమున మోయు మూటకుఁ బెట్టుకొన్నది. మన భాషాచమత్కారమునకు నింతకంటె గొప్ప యుదాహరణ మెక్కడనున్నది?

తరువాత 1876 మొదలు 1878 వఱకు ధాతనామముతోఁ బ్రసిద్ధమైన మహాక్షామము వచ్చెను. చెన్నపురి రాజధానిలో లక్షలకొలఁది జనము నశించినది. కూలిపైఁ బ్రదుకు మాదిగపల్లెలే ముందుగాఁ గూలినవని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. దొరతనమువారు కఱవు పనిగా బకింగుహాము కాలువను ద్రవ్వించుచుండిరి. క్లౌ దొర పూర్వాశ్రమమున నమెరికాలో భూములు కొలుచు పనివాఁడు. ఆ విద్య యిప్పు డక్కఱకు వచ్చెను. ఆయన కాలువలో మూఁడున్నర మైళ్ల భాగమును గుత్తకుఁ దీసికొని రాజుపాలెమున పాళెము వేయించెను. ఇతరచోట్ల మేస్త్రీలు మాదిగవారిని దిట్టుచు, కొట్టుచు, కూలి కాఁజేయుచుండఁగా, ఇచ్చట నుపదేశులే మేస్త్రీలు. ఒక్కొక్కని క్రింద నూఱుమంది చొప్పున జనమును బెట్టిరి. పలుఁగు దింపి సేద తీర్చుకొనువేళ నుపదేశి వారి నడుమఁ గూర్చుండి క్రీస్తు కథ చెప్పెడివాఁడు. ప్రయాసపడి భారము మోయువారిని జేరఁబిలిచిన మత్తయి సువార్తలోని వాక్యమునే మరల మరలఁ జెప్పుమని జనులడిగెడివారఁట. తలపై మట్టితట్ట మోయుచున్నవారికి దాని యర్థము వివరింపవలసిన యవసర మేమున్నది!

గంజికొఱకుఁ గ్రైస్తవులైరని మనలను ఎగతాళి చేయువారు నేఁటికిని గలరు. వారికిఁ జరిత్రయే యుత్తరము చెప్పుచున్నది. క్షామకాలమున బాప్తిస్మ మిమ్మని వేలకొలఁది జనులడుగుచున్నను, ఏఁడాదికిఁ బైగా నొక్కనికి నియ్యక క్లౌ దొర నిలిపివేసెను. ధర్మముగాఁ బంచు ధనము ముగిసినపిదప, 1878 జూనులో, ఒంగోలునకు నుత్తరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లి కడ నుపదేశులను సమావేశపఱుపఁగా, జనము వారి వెంట వెల్లువయై వచ్చెను. ఇచ్చుటకింక నేమియు లేదని దొర చెప్పెను. వారు చేతులమీఁది కాయలను జూపి, తాము పని చేసి బ్రదుకువారమే కాని ధనము కోరి వచ్చినవారము గామనిరి. చచ్చినను గ్రైస్తవులుగాఁ జావఁగోరుచున్నామనిరి.

అటుపిమ్మట జరిగినది లోకప్రసిద్ధము. జూలై 2వ తేదిని 614 మంది, 3వ తేదిని 2,222 మంది, 4వ తేదిని 700 మంది, మూఁడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఆ యేఁడు జూను మొదలు డిసెంబరు వఱకు లెక్క 9,606. ఈ యంకె లమెరికాలోఁ బత్రికల కెక్కినవి. క్లౌ దొర పేరు ఖండాంతరములకుఁ బ్రాఁకినది. కాని 3వ తేదిని దొర నీటిలో దిగనే లేదు. అభిషేకము పొందిన మన యుపదేశు లార్గురు, ఇరువురు చొప్పున వంతులు వేసికొని, నదిలో నిలిచిరి. ఉదయ మాఱు గంటలకు మొదలిడి పదునొకండు గంటల కాపి, మధ్యాహ్నము రెండు గంటలకు మరలఁ బ్రారంభించి, అయిదు గంటల వేళకు ముగించిరి. ఒడ్డున నిలిచి పేర్లు చదివినవారును, ఈ మనిషి ఫలాని పల్లెవాఁడు, ఇతని నడవడి నే నెఱుఁగుదునని సాక్ష్యము పలికినవారును ఉపదేశులే. నదిలో మునిఁగిన ప్రతి తలపైన నొక మాదిగవాని చెయ్యి యుండెను. అంటరానివాఁడని యూరు త్రోసివేసిన చెయ్యి యది!

2,222 అను నంకెను మన ఆదివారపు బడి పిల్లలు తడుముకొనకుండఁ జెప్పుదురు. ఆ యార్గురి పేర్లు చెప్పుమనుఁడు, చెప్పువాఁ డుండఁడు. పేరయ్యను గొంద ఱెఱుఁగుదురు. బంగారపు తాతయ్య పేరు నెఱుఁగువా రంతకంటెఁ దక్కువ. నెల్లూర జూవెట్టు దొరకుఁ గుడిచెయ్యియై నిలిచిన కనకయ్యగారి పేరు, ఆయన భార్య జూలియమ్మ పేరును మఱఁగున పడిపోయినవి.

నేను జిన్ననాఁట బాప్తిస్మము పొందిన దేవాలయములో గోడకొక చలువఱాతి పలక గలదు. దానిమీఁద ధనమిచ్చిన దొరల పేర్లు మూఁడున్నవి. ఆ ఱాళ్లు మోసినవారి పేర్లు గాని, ఆ సంఘమును గాపాడిన యుపదేశుల పేర్లు గాని లేవు. పలకను మార్పింపుఁడని నేను బెద్దలకు రెండు పర్యాయములు విన్నవించితిని. గోడ పాడగునని సెలవిచ్చిరి.

మఱపునకు మఱియొక కారణమును గలదు. దానిని జెప్పక దాఁటుట కపటమగును. 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకే పరిమితమైనవి. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపఁబడినవి. క్రైస్తవులకు మాత్రము కలుగలేదు. మన రాష్ట్రమున వారిని వెనుకఁబడిన తరగతులలో ‘సి’ వర్గమునఁ జేర్చిరి. కులము చేత ననుభవించిన యవమానము మతము మార్చినంతనే తుడిచివేయఁబడునా యను ప్రశ్న యట్లుండఁగా, దీని ఫలముగా మన యిండ్లలో నేమి జరిగెనో మన కందఱకుఁ దెలియును. బడి పుస్తకములో నొక పేరు, సంఘపు పుస్తకములో నొక పేరు. ఉపదేశి మనుమఁడు కచ్చేరిలో నుపదేశి పేరు చెప్పుటకు జంకుచున్నాఁడు. తాత గోరీమీఁది సిలువను జూపుటకు భయపడుచున్నాఁడు. నేను వానిని దూషింపను. వాని కడుపు వానిది. కాని యా జంకు వలన నొక తరమువారి చరిత్ర మన కన్నులయెదుటనే చెఱిగిపోవుచున్నది. అందుచేతనే యీ విషయమును సంఘసభలోఁ గాక యీ మహాసభ సంచికలో వ్రాయుచున్నాను. పల్లె పల్లెకును దొలి యుపదేశి యెవరో, వారి భార్య లెవరో, పాత సంఘపుస్తకములను, గోరీలమీఁది వ్రాఁతలను, ముసలివారి జ్ఞాపకములను బట్టి మహాసభవారు వ్రాయించి ముద్రింపవలయునని నా మనవి. క్రైస్తవులైనవారు మాత్రమే గాదు, ఆ చెట్ల క్రింద అ ఆలు దిద్దిన ప్రతి కుటుంబము నా ఋణములో భాగస్వామియే.

మా తాతగారిని గూర్చి చెప్పి విరమించెదను. ఆయన నాలుగు పల్లెల కుపదేశి. చేత నొక తాటాకు గొడుగు, చంక నొక గుడ్డసంచి. సంచిలో వేదపుస్తకము, కీర్తనల పుస్తకము, ఒక పలక, చిన్న గంట. ఆదివారము మొదటి పల్లెలో గంట కొట్టినపుడు దెల్లవాఱెడిది. నాలవ పల్లెలోఁ గొట్టునప్పటికి దీపములు పెట్టెడివారు. ఆయన కోపిష్ఠి. అక్షరము తప్పు చదివినచో నాకుఁ జెవి నులిమిన నొప్పి యిప్పటికిని జ్ఞాపకము. ప్రసంగముకూడఁ గొంత దీర్ఘముగానే చేయువారని మా నాయనమ్మ దాపఱికము లేక చెప్పెడిది. ఆమె నాలుగు పల్లెల మంత్రసాని. ఆమెకు సంచియు లేదు, గంటయు లేదు.

తాతగారు గతించినపిదప నా గుడ్డసంచి నాకు వచ్చినది. అందులోఁ జేతికుట్టు పుస్తకమొకటి దొరకినది. ప్రసంగములు వ్రాసికొన్నారేమో యని యాశతో విప్పితిని. ప్రసంగములు గావు, పల్లెవారిచ్చిన గింజల లెక్కలు. ఒకరు రెండు మానికల జొన్నలు, ఒకరు సోలెఁడు రాగులు, ఒకతె నాలుగు గ్రుడ్లు. కఱవు వచ్చిన యొక యేఁడు పుటలు దాదాపుగా నన్నియు ఖాళీ. ఆ ఖాళీ పుటల నడుమ నొక్కచోట, ఒక విధవరాలి పేరునకు నెదురుగా, ఈమెకు మనమే యిచ్చితిమి అని వ్రాసి, క్రింద సోలెఁడు జొన్నలు అని యున్నది.